పాత డీజిలు కారు కొనబోవు రైతులకు టర్బో ఇంజను సంగతులు

మిరప కల్లములు ఎత్తి, సరకు గుంటూరు యార్డున అమ్ముడుపోయి, చేతికి నాలుగు డబ్బులు వచ్చిన వేసవి దినములలో మన సంఘసభ్యులు కొందరు మమ్ము విత్తనములను గూర్చి గాక మోటారు కార్లను గూర్చి ప్రశ్నించుచుందురు. "పాత స్విఫ్టు డీజిలు బండి ఒకటి బేరానికి వచ్చిందండీ, తీసుకోమంటారా?" అని పర్చూరునందును, చీరాలయందును, వాడరేవు దారిని గల గ్రామములందును మాకు వినవచ్చు ప్రశ్న యొక్కటే. పైరు సంగతి చెప్పవలసిన వారమగు మేము కారు సంగతి చెప్పుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఎకరము మిరపపై మిగిలిన సొమ్ము ఒక్క ఇంజను మరమ్మతులో హరించిపోవుట మేము చూచుచున్నాము. కావున ఆ ఇంజను స్వరూపమును, అది సాధారణముగా చెడు విధములను ఇచ్చట వివరించుచున్నాము.

చేతులు మారుచున్న చిన్న డీజిలు కార్లు పేరునకు వేర్వేరైనను, పెక్కింటి బానెట్టు క్రింద నున్న ఇంజను ఒక్కటియే. ఇటలీ దేశపు ఫియట్ కంపెనీవారు 2003లో బయలుపరచిన 1.3 మల్టీజెట్ అనునది యదియే. తన పరిమాణపు ఇంజనులలో శ్రేష్ఠమైనదని 2005లో అంతర్జాతీయ బహుమతి నందినది. పిమ్మట మన దేశమున హర్యానాలోని మానేసరునందును, పూనా దాపున రంజన్‌గావ్‌నందును దీనిని తయారుచేసిరి. మారుతివారు 2007లో స్విఫ్టునందును, తరువాత డిజైరు, రిట్జు, ఎర్టిగా, సియాజు బండ్లయందును దీనిని అమర్చిరి. టాటావారి విస్టా, మాంజాలయందును, ఫియట్‌వారి పుంటో, లీనియాలయందును ఉన్నది ఇదియే. 2020 ఏప్రిలు నుండి పొగ నిబంధనలు కఠినములగుటతో మారుతివారు డీజిలు కార్లనే మానివేసిరి. కాబట్టి ఇప్పుడు మన ముందుకు బేరమునకు వచ్చు ఈ మారుతి బండ్లన్నియు అంతకు పూర్వపువే.

ఇక కొలతలు. సిలిండర్లు 4. మొత్తము పరిమాణము 1,248 ఘనపు సెంటీమీటర్లు. సిలిండరు వ్యాసము 69.6 మిల్లీమీటర్లు, పిస్టను నడక 82 మిల్లీమీటర్లు. స్విఫ్టునందలి సాదా టర్బో ఇంజను నిమిషమునకు 4,000 చుట్లవద్ద 75 గుఱ్ఱపు బలమును, 2,000 చుట్లవద్ద 190 న్యూటన్ మీటర్ల లాగుడును ఇచ్చును. ఎర్టిగా, సియాజు మొదలగువానిలో టర్బో రెక్కలు అవసరమునుబట్టి కోణము మార్చుకొనును. ఆ రకము బలము 90, లాగుడు 200. ఈ అంకెల విలువ తెలియవలెనన్న మన యూళ్ళలో బాడుగకు తిరిగిన తొలినాటి టాటా ఇండికాను తలచుకొనుడు. దాని డీజిలు ఇంజను 1,405 ఘనపు సెంటీమీటర్లు. అనగా దీనికంటె పెద్దది. అయినను టర్బో లేని దాని బలము 53, లాగుడు 85 మాత్రమే. చిన్న ఇంజనుకు ఇంతటి సత్తువ వచ్చినది టర్బో వలననే.

టర్బో అనగా ఏమి? ఇంజను విడిచిపెట్టు వేడి పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొసనున్న మరియొక చక్రము బయటి గాలిని పీల్చి, ఒత్తి, సిలిండర్లలోనికి నెట్టును. గాలి హెచ్చిన కొలది డీజిలు హెచ్చుగా మండును. స్విట్జర్లాండు దేశీయుడు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే ఈ యుపాయమునకు పేటెంటు పొందెను. అమ్మకపు కారు డీజిలు ఇంజనుకు అది తగిలినది మాత్రము 1978లో, మెర్సిడెస్ వారి బండికి.

మన రైతులు బావిపై కిర్లోస్కరు ఇంజనును నడపి పెరిగినవారు. అది నిమిషమునకు 1,500 చుట్లు తిరుగుచు, ఆయిలు నల్లబడినను, గాలిలో ధూళి యున్నను కొన్నాళ్ళు ఓర్చుకొనును. ఆ యలవాటే కారువద్దను సాగుటయే చిక్కునకు మొదలు. టర్బో చక్రము వేగమున నున్నపుడు నిమిషమునకు లక్షన్నర చుట్లకు మించి తిరుగును. దాని ఇరుసు తిరుగునది పలుచని ఆయిలు పొరమీద. ఆ పొర తెగెనా, ఇరుసు అరుగుట క్షణములలోని పని.

కార్తికమాసపు ఆదివారమున వాడరేవునకు వచ్చి నిలుచుండి చూడుడు. చిలకలూరిపేట వైపునుండి నిండు సంసారముతో, ఏసీ వేసికొని, వేగముగా వచ్చిన బండి ఇసుక యంచున ఆగును. ఆగీ ఆగకముందే తాళము త్రిప్పి ఇంజను ఆపివేసి పిల్లలు సముద్రమువంక పరుగిడుదురు. అప్పటికి టర్బో గుల్ల నిప్పువలె కాలియుండును, చక్రము ఇంకను తిరుగుచుండును. ఇంజను ఆగినదిగనుక ఆయిలు రాదు. లోపల నిలిచిన కొద్దిపాటి ఆయిలు మాడి బొగ్గగును. ఈ బొగ్గు నానాటికి పేరుకొని, ఆయిలు తెచ్చు సన్నని గొట్టమును మూయును. పిమ్మట ఒకనాడు టర్బో ఈల వేయ మొదలిడును, నీలిపొగ వచ్చును. దీనికి విరుగుడు కాసు ఖర్చు లేనిది. వేగముగా వచ్చి ఆగినపుడు ఒకటి రెండు నిమిషములు ఇంజనును ఊరక తిరుగనిచ్చి తరువాత ఆపవలెను. ప్రొద్దున స్టార్టు చేసిన వెంటనే యాక్సిలరేటరు అదిమి రొద చేయుటయు మానవలెను.

టర్బో అరిగినచో మరియొక ప్రమాదము గలదు. దీనిని ప్రతి డ్రైవరు ఎరిగియుండవలెను. అరిగిన ఇరుసునుండి కారిన ఆయిలు గాలితోపాటు సిలిండర్లలోనికి పోయి డీజిలువలె మండును. అప్పుడు తాళము తీసినను ఇంజను ఆగక, పొగ క్రక్కుచు, గట్టిగా అరచుచు పేలునంతటి వేగము నందుకొనవచ్చును. దడిసి బానెట్టు ఎత్తి చేయి పెట్టరాదు. బండి ముందు మనుష్యులు లేకుండ చూచి, కాలి బ్రేకును పూర్తిగా త్రొక్కి, పెద్ద గేరు వేసి క్లచ్చిని ఒక్కసారిగా విడువవలెను. ఇంజను ఊపిరాడక నిలిచిపోవును. అది ఆగనిచో మనుష్యులందరును దూరముగా తొలగుట మేలు.

రెండవ బలహీనత టైమింగు చైను. ఇతర ఇంజనులలోని రబ్బరు బెల్టు వలె దీనిని ఇన్ని మైళ్ళకు మార్చవలెనని నియమము లేదు. దానివలన "చైను జన్మానికి ఉంటుంది" అను మాట ప్రబలినది. అది సగమే నిజము. ఈ చైను సన్ననిది. దానిని బిగించి యుంచునది ఆయిలు ఒత్తిడియే. ఇంజనులో పట్టు ఆయిలు సుమారు 3 లీటర్లు మాత్రమే యగుటచే అర లీటరు తగ్గినను నష్టమే. 10,000 కిలోమీటర్లకు గాని ఏడాదికి గాని, ఏది ముందైన దానికి, ఆయిలును ఆయిలు ఫిల్టరును మార్చవలెను. మన మట్టిదారులకు ఇంకను ముందే మార్చుట మంచిదని మా యభిప్రాయము. మార్చక సాగదీసిన బండిలో చైను సాగును. చల్లని ఇంజను స్టార్టు చేసినపుడు కొన్ని క్షణములు గొలుసు గలగల వినబడుట దీని గుర్తు. అశ్రద్ధచేసినచో చైను పండ్లు దాటి వాల్వులు పిస్టన్లకు తగులును. అప్పుడిక మరమ్మతు ఖర్చు బండి వెలతో పోటీపడును.

డీజిలు సంగతి. పాత ఇంజనులవలె గాక దీనిలో కామన్ రెయిల్ అను ఒక గొట్టమున డీజిలు నిలువయుండి, కారు టైరులోని గాలి ఒత్తిడికి 600 రెట్ల యొత్తిడితో ఇంజెక్టర్ల సన్నని రంధ్రములగుండ చిమ్మబడును. ఇటువంటి దానిలో నీటిబొట్టుగాని, నలుసుగాని శత్రువే. ట్రాక్టరుకని క్యానులలో తెచ్చి పాకలో నిలువచేసిన డీజిలును మన వారు అవసరమునకు కారులో పోయుదురు. వర్షాకాలమున ఆ క్యాను అడుగున నీరు చేరును, మట్టి యుండును. కారునకు బంకునందే పోయించుట క్షేమము. ఫిల్టరులోని నీటిని మెకానిక్కుచే తీయించుచుండవలెను. డీజిలులో నీరున్నదని దీపము వెలిగినచో ఆ యూరు చేరిన తరువాత చూతమనరాదు.

గాలి ఫిల్టరును గూర్చి మిరప, ప్రత్తి రైతులకు వేరుగ చెప్పవలసి యున్నది. కల్లములలో, జిన్నింగు మిల్లుల దగ్గర ఎగురు దూది నూగు రేడియేటరు సందులను, దాని దాపుననుండు ఇంటర్‌కూలరు సందులను దుప్పటివలె కప్పును. ఇంజను వేడెక్కును, లాగుడు తగ్గును. ప్రత్తి ఏరు కాలమున నెలకొకసారి మెత్తని బ్రష్షుతో తుడిపింపుడు. నీటి ధార బలముగా కొట్టినచో రెక్కలు వంగిపోవును.

లాగుడు తగ్గి నల్లపొగ వచ్చినంతనే "టర్బో పోయింది, మార్చాలి" అని చెప్పు షెడ్లు కలవు. తొందరపడకుడు. టర్బోనుండి ఇంటర్‌కూలరుకు పోవు రబ్బరు గొట్టము చీలినను, దాని క్లిప్పు వదులైనను ఇదే లక్షణము కనబడును, బుస్సుమను శబ్దము వచ్చును. అది స్వల్ప ఖర్చుతో పోవు లోపము. ఈజీఆర్ వాల్వు మసిపట్టుటయు మరియొక కారణము. ఊరిలోనే మెల్లగా తిరుగు బండికి ఇది హెచ్చు. దానిని శుభ్రపరచిన చాలు. ఈ మూడింటిని చూచినగాని టర్బోకు పైక మీయరాదు.

కొనునపుడు బండిని ప్రొద్దుటిపూట చూడవలెను. ముందుగా బానెట్టుపై చేయి వేసి చూడుడు. వెచ్చగా నున్నచో అమ్మువాడు చైను చప్పుడు వినబడకుండ ముందే నడపియుండవచ్చును. మరల ఇంకొకనాడు రండు. స్టార్టు చేసి గలగల వినుడు. ఇంజను తిరుగుచుండగా ఆయిలు మూత తీసి చూచిన పొగ ఎగజిమ్మినచో పిస్టను రింగులు అరిగినవన్నమాట. మీటరు అంకెలకంటె ఆయిలు మార్పించిన రసీదులను నమ్ముడు. 2015లో జాతీయ హరిత న్యాయస్థానము ఢిల్లీ ప్రాంతమున 10 ఏండ్లు నిండిన డీజిలు బండ్లు తిరుగరాదనగా, 2018లో సర్వోన్నత న్యాయస్థానము దానిని నిలబెట్టినది. పిమ్మట అచ్చటి బండ్లు చౌకగా ఇతర రాష్ట్రములకు తరలినవి. అట్టి బండికి అచ్చటి రవాణాశాఖ నిరభ్యంతర పత్రము కావలెను. ఇచ్చట జీవితపు పన్ను మరల కట్టవలెను. ఆ సొమ్ము కలుపుకొన్న చౌక యెంత మిగులునో లెక్కించుకొనుడు. 15 ఏండ్లు నిండిన బండికి రిజిస్ట్రేషను తిరిగి చేయించుట యను ఖర్చును కలదు. పంటకని సంఘమునందు తీసికొన్న అప్పును మాత్రము ఈ బేరమునకు మళ్ళింపవద్దని కోరుచున్నాము. పంటవలె కారు ఫలము నీయదు.

బేరము కుదిరిన పిమ్మట పాత యజమాని మాట ఎట్లున్నను, మొదటి వారములోనే ఆయిలు, ఆయిలు ఫిల్టరు, గాలి ఫిల్టరు, డీజిలు ఫిల్టరు నాలుగును మార్పించి, ఆ తేదీని, కిలోమీటరు అంకెను ఒక చీటిపై వ్రాసి బానెట్టు లోపల అంటించుకొనుడు.