కొండ దారికి ఎంత గాలి?

‘‘అన్నా, బాగా గట్టిగా కొట్టు... ఘాట్‌ రోడ్డుకు పోవాల. టైరు రాయి మాదిరి ఉండాల!’’

పంచర్‌ షాపు ముందు సైకిల్‌ ఆపి చాలామంది అడిగేది ఇదే. గాలి కొట్టించి, బొటనవేలితో నొక్కి చూసి, టైరు లొంగకపోతే హమ్మయ్య అనుకుంటారు. కానీ రాయిలాంటి టైరు చదును నేల మీద ఒళ్లు హూనం చేస్తుంది. కొండ దిగేటప్పుడైతే ప్రాణం మీదికే తెస్తుంది!

నిజానికి టైరులోకి గాలి వచ్చిందే మెత్తదనం కోసం. బెల్‌ఫాస్ట్‌లో జాన్‌ బాయ్డ్‌ డన్‌లప్‌ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల బండికి కుదుపులు తగ్గాలని గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. 1888లో పేటెంట్‌ తీసుకున్నాడు.

గట్టిదే వేగమా?

రేసు సైకిళ్లకు సన్నటి 23 మిల్లీమీటర్ల టైరు వేసి, 110 పీఎస్‌ఐ దాకా నింపడం ఒకప్పటి పద్ధతి. పీఎస్‌ఐ అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని లెక్క. ప్రయోగశాలలో నున్నటి ఉక్కు డ్రమ్ము మీద గట్టి టైరే బాగా దొర్లింది మరి. కానీ రోడ్డు డ్రమ్ము కాదు కదా! గులకరాయి తగిలితే మెత్తటి టైరు దాన్ని మింగేసి ముందుకు పోతుంది. గట్టి టైరు సైకిల్‌నీ మనిషినీ కలిపి ఎగరేస్తుంది. తొక్కిన శక్తి అక్కడే వృథా. అందుకే ఇప్పుడు పందేల్లోనూ 28 మిల్లీమీటర్లు, అంతకంటే వెడల్పు టైర్లే వాడుతున్నారు. రాళ్లు పరిచిన దారిలో సాగే ఫ్రాన్స్‌ పందెం పారిస్‌-రూబేలో అయితే గాలి మరీ తగ్గిస్తారు.

మరి ఎంత కొట్టాలి? 70 కిలోల మనిషి, 28 మిల్లీమీటర్ల టైరు అయితే వెనక 75, ముందు 70 పీఎస్‌ఐతో మొదలుపెట్టొచ్చు. బరువు ఎక్కువగా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి ఈ తేడా. గతుకులున్నా, వాన పడినా మరో అయిదు తగ్గించాలి. మనిషి బరువైతే కొంచెం పెంచాలి. టైరు పక్కన అచ్చువేసిన పెద్ద అంకె గరిష్ఠ హద్దు మాత్రమే. అంత కొట్టమని కాదు!

అలాగని మరీ తగ్గించినా ముప్పే. గుంతలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. దీనికి సైకిల్‌వాళ్లు పెట్టుకున్న పేరు ‘పాము కాటు’.

36 మలుపుల పరీక్ష

తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాట్‌ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. దిగే దారిలో 36 హెయిర్‌పిన్‌ మలుపులు! ఏ బండి ఎప్పుడు వెళ్లాలన్నది తితిదే నిబంధన. సైకిల్‌వాళ్లు ముందుగా అలిపిరిలో కనుక్కోవాల్సిందే.

కొండ మీద గాలి పలచన కాబట్టి టైరు ఉబ్బుతుందని కొందరి భయం. తిరుపతికీ తిరుమలకూ మధ్య ఎత్తులో తేడా 700 మీటర్ల దాకా ఉంటుంది. దాంతో పెరిగేది సుమారు ఒక్క పీఎస్‌ఐ. అసలు భయం వేడితోనే. 75 పీఎస్‌ఐ ఉన్న టైరులో 10 డిగ్రీల వేడి పెరిగితే ఒత్తిడి మూడు దాకా పెరుగుతుంది. రిమ్మును పట్టే బ్రేకుల్ని దారి పొడవునా నొక్కిపట్టి దిగితే రిమ్ము కాలిపోతుంది. అప్పటికే హద్దు దాకా నింపిన టైరు పేలొచ్చు... అదీ మలుపులో! అందుకే మలుపుకి ముందే బ్రేకు గట్టిగా వేసి, తర్వాత వదిలేయాలి. మధ్యలో ఆగి రిమ్మును చల్లారనివ్వాలి. డిస్క్‌ బ్రేకులైతే వేడి డిస్కుకే పోతుంది, టైరుకి అంటదు.

బయల్దేరే ముందు...

సన్న టైరులో గాలి ఊరికే నిల్చున్నా రోజూ కొంత దిగుతుంది. కాబట్టి ప్రతిసారీ మీటరున్న పంపుతో చూసుకోవాలి. బొటనవేలికి 60కీ 90కీ తేడా తెలియదు. రేసు సైకిల్‌ సన్న వాల్వుకి మామూలు పంపు పట్టదు, చిన్న అడాప్టర్‌ జేబులో ఉండాలి. లారీలకు గాలి కొట్టే కంప్రెసర్‌ దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. క్షణాల్లో టైరు ఢాం అంటుంది!

ఈసారి పంచర్‌ షాపులో ‘గట్టిగా కొట్టు’ అనేముందు ఒక్క క్షణం ఆగండి. ‘ఎంత ఉందో చూడన్నా’ అనండి చాలు!