కండలు సాక్ష్యము చెప్పునా?

తర్కశాస్త్రమును కొంచెము చదివినవారికైనను కొండమీది పొగ కథ తెలియును. కొండపై పొగ కనబడుచున్నది గనుక అక్కడ నిప్పున్నదని ఊహించుట అనుమాన ప్రమాణమునకు మన పూర్వులు చెప్పిన ఉదాహరణము. దానితోపాటు వారొక హెచ్చరికయు చేసినారు. దూరమునుండి చూచువానికి పొగమంచు కూడ పొగవలెనే తోచును. అట్టి చూపుపై కట్టిన ఊహ నిలువదు. నేటి క్రీడారంగమునకు ఈ హెచ్చరిక మిక్కిలి అవసరము. ఆటగాని భుజములు ఏడాదిలో బలిసినచో, "ఏదో మందు పుచ్చుకొని యుండును" అను మాట వెంటనే పుట్టుచున్నది.

టెన్నిస్ వీరుడు రఫేల్ నాదల్ ఈ మాట చాలకాలము పడినాడు. 2016లో ఫ్రాన్సు మాజీ క్రీడామంత్రి రోజ్‌లిన్ బషెలో టెలివిజన్‌లో మాట్లాడుచు, 2012లో అతడు గాయము పేరిట ఆటకు దూరమగుటకు డోపింగ్ పరీక్షలో దొరకుటయే కారణమై యుండునన్న భావము కలుగునట్లు చెప్పినది. నాదల్ తన పరీక్షల ఫలితములన్నిటిని బహిరంగపరుపుడని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యను కోరినాడు. న్యాయస్థానమునకు కూడ వెళ్లినాడు. 2017 నవంబరులో పారిస్ న్యాయస్థానము ఆమె మాట పరువునష్టమని తీర్పు చెప్పి, 10,000 యూరోల పరిహారము ఇప్పించినది.

మన హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జాను తీసికొందము. 2018 అక్టోబరులో ఆమె తల్లి అయినది. అటుపిమ్మట తాను 26 కిలోల బరువు తగ్గితినని ఆమెయే చెప్పినది. 2020 జనవరిలో హోబార్ట్ టోర్నమెంటులో డబుల్స్ గెలిచి మరల ఆటలో నిలిచినది. కారణము తెలియుటచే ఈ మార్పు మనకు ప్రశంసాపాత్రముగా తోచినది. కారణము తెలియనిచోట ఇట్టి మార్పే శంకకు తావిచ్చును. ప్రసవము, గాయము, సాధన, ఆహారము, ఎదిగే వయస్సు — దేహము మారుటకు ఎన్నో హేతువులు. వానిలో మందు ఒకటి మాత్రమే.

ఈ విషయమున మనము ఎక్కువగా ఆలోచింపవలసిన కథ సైబరాబాదు నడిబొడ్డున, గచ్చిబౌలి మైదానములతో ముడిపడియున్నది. ఒడిశాలోని చేనేత కుటుంబములో పుట్టిన పరుగుల రాణి ద్యుతీ చంద్‌ను 2014లో కామన్వెల్త్ క్రీడల జట్టునుండి తొలగించినారు. ఆమె ఏ మందును పుచ్చుకొనలేదు. ఆమె శరీరము సహజముగానే టెస్టోస్టిరాన్ అను హార్మోనును ఎక్కువగా ఉత్పత్తి చేయుచున్నదనునదే అభ్యంతరము. ఆ కష్టకాలమున పుల్లెల గోపీచంద్ గచ్చిబౌలిలోని తన అకాడమీలో ఆమెకు సాధన చేసికొను వీలు కల్పించినాడు. ఆమె స్విట్జర్లాండులోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానమునకు మొరపెట్టుకొన్నది. ఆ హార్మోను ఎంత మేలు చేకూర్చునో తగిన ఆధారము లేదని చెప్పి, 2015 జూలైలో ఆ న్యాయస్థానము నిబంధనను నిలిపివేసినది. 2018 ఆసియా క్రీడలలో ఆమె 100, 200 మీటర్ల పరుగులలో రెండు రజత పతకములు గెలిచినది.

కథ ఇక్కడ ముగిసినచో ఎంత బాగుండెడిది! 2022 డిసెంబరులో తీసిన నమూనాలలో, కండరములపై టెస్టోస్టిరాన్ వలె పనిచేయు నిషిద్ధ పదార్థములు బయటపడినవి. తెలియక జరిగినదని ఆమె వాదించినను, విచారణ సంఘము 2023లో నాలుగేండ్ల నిషేధము విధించినది.

దీనినిబట్టి 2014 నాటి అనుమానమే నిజమైనదని వాదించుట తగదు. ఆనాటి ప్రశ్న శరీరము తనంతట తాను తయారుచేసికొన్న హార్మోనును గూర్చినది. తరువాతి నేరము వెలుపలినుండి లోనికి పోయిన పదార్థమునకు సంబంధించినది. అట్లే, ఒకప్పుడు అన్యాయమునకు గురియైనది గనుక ఈమె తప్పు చేయదనుటయు తర్కము కాదు. ద్వేషమువలెనే అభిమానమునకు కూడ సాక్ష్యము చెప్పు అర్హత లేదు.

మరి సాక్ష్యమేది? ఆటగాని మూత్రమును రెండు సీసాలలో పోసి ముద్రవేయుదురు. మొదటి సీసాలో దోషము కనబడినచో, రెండవదానిని పరీక్షింపుమని అడుగు హక్కు ఆటగానికి కలదు. పోటీలు లేని దినములలో కూడ, ముందు చెప్పకుండ వచ్చి నమూనా తీసికొందురు. కొందరి రక్తములోని కొలతలను ఏండ్లతరబడి నమోదుచేసి, అసహజమైన హెచ్చుతగ్గులను పరిశీలింతురు. ఈ పద్ధతి కూడ లోపరహితము కాదు, తప్పించుకొనువారు ఉండవచ్చును. అయినను ఇందులో నిందపడినవానికి సమాధానము చెప్పుకొను అవకాశమున్నది. గుసగుసలకు అప్పీలు లేదు.

ఉపాధ్యాయులు దీనిని ఆటస్థలము మాటగా మాత్రమే ఎంచరాదు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతముల జిమ్ములలో కండలు పెంచుకొనవలెనను కోరిక పదునారేండ్ల బాలురలో కూడ బలముగానున్నది. పొడుల డబ్బాపై వ్రాసినదంతయు లోపల ఉండునని గాని, వ్రాయనిది ఉండదని గాని నమ్ముటకు వీలులేదు. నిషిద్ధ పదార్థములు కలసిన పొడుల వలన చిక్కుకొన్న ఆటగాండ్రు లోకమున పలువురున్నారు. తన దేహములోనికి పోయినదానికి ఆటగాడే బాధ్యుడని నియమము చెప్పుచున్నది. కావున పోటీలకు పోవు విద్యార్థి మందుగాని పొడిగాని నోట వేసికొనుటకు ముందు అందేమున్నదో వైద్యునివద్ద విచారించి తెలిసికొనుట అలవరచుకొనవలెను.

తరగతిలో ఒక బాలిక వేసవి సెలవుల తరువాత ఎత్తు పెరిగి, భుజములు విప్పారి, పరుగులో అందరిని మించినచో, తోటివారు నవ్వుచు ఒక మాట అనవచ్చును. ఆ మాటను అక్కడనే ఆపి, "నీవు చూచినది పొగయా, పొగమంచా?" అని అడుగగల ఉపాధ్యాయుడు ఆ దినమున తర్కశాస్త్రమునే బోధించినవాడగును.