మురుగునీటి నుండి తాగునీరు: విండ్‌హోక్ నగర అనుభవం

నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుండి మురుగునీటిని శుద్ధిచేసి తాగునీటి సరఫరాలో నేరుగా కలుపుతున్నది. అక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 360 మిల్లీమీటర్లు. ఎండకు ఆవిరి కాగల నీరు దానికి అనేక రెట్లు. జీవనది కావాలంటే దాదాపు 700 కిలోమీటర్లు వెళ్ళాలి. అటువంటి చోట కరవులోనూ ఆగకుండా లభించే జలవనరు నగరపు మురుగునీరే. సింగపూర్ శుద్ధజలాన్ని తాగునీటికి వాడేటప్పుడు ముందుగా జలాశయంలో కలుపుతుంది. విండ్‌హోక్‌లో అటువంటి సహజ మజిలీ లేదు. కనుక భద్రతాభారమంతా శుద్ధి వ్యవస్థపైనే పడుతుంది.

ఈ వ్యవస్థను వివరించేవారు సాధారణంగా యంత్రాలతో ప్రారంభిస్తారు. నిజానికి అసలు కీలకం అంతకు ముందే ఉన్నది. పరిశ్రమల వ్యర్థజలాలను అక్కడ ప్రత్యేక కాలువల ద్వారా వేరొక కేంద్రానికి మళ్ళిస్తారు. తాగునీటికి ముడిసరుకయ్యేది ప్రధానంగా గృహాల మురుగునీరే. గృహ మురుగులోని సూక్ష్మజీవులను, సేంద్రియ పదార్థాలను తొలగించే పద్ధతులు సుపరిచితాలు. పరిశ్రమల నుండి వచ్చే రసాయనాల స్వభావాన్ని ముందుగా ఊహించడం కష్టం. పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థజలాలను పైపులైను ద్వారా తెచ్చి అంబర్‌పేటలో గృహ మురుగుతో కలిపిన హైదరాబాద్ పద్ధతి ఇందుకు సరిగ్గా విరుద్ధమైనది.

2002లో సిద్ధమైన కొత్త గోరెంగాబ్ కేంద్రం సామర్థ్యం రోజుకు 21,000 ఘనపు మీటర్లు. జీవశుద్ధి పొంది వచ్చిన నీటిలో ఫెర్రిక్ క్లోరైడ్ కలిపి మలినాలను ముద్దకట్టిస్తారు. సన్నని గాలిబుడగలతో వాటిని పైకి తేల్చి తీసివేస్తారు. వడపోత తరువాత ఓజోన్ వాయువు క్రిములను చంపుతుంది, పెద్ద సేంద్రియ అణువులను చిన్నవిగా విడగొడుతుంది. వాటిలో కొంత భాగం తరువాతి కార్బన్ పడకలపై పెరిగే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. మరికొంతను ఉత్తేజిత కార్బన్ పట్టి ఉంచుతుంది. అటుపై అతిసూక్ష్మ పొరల వడపోత, చివరగా క్లోరిన్. ఒక దశ విఫలమైనా మరొకటి అడ్డు నిలవాలన్నదే ఈ అమరికలోని సూత్రం.

ఈ వరుసలో ఆర్.ఓ. లేదు. అందువల్ల గాఢమైన ఉప్పునీటి వ్యర్థాన్ని పారబోయవలసిన సమస్య తప్పింది. అయితే నీటిలో కరిగిన లవణాలు అలాగే మిగులుతాయి. అదే నీరు మళ్ళీ మళ్ళీ తిరిగితే వాటి గాఢత పెరుగుతుంది. అందుకే శుద్ధజలాన్ని ఇతర వనరుల నీటితో కలిపే పంపిణీ చేస్తారు; మిశ్రమంలో దాని వాటా 35 శాతం మించకూడదన్నది నియమం. నాణ్యత నిర్ణీత ప్రమాణం నుండి తప్పినట్లు కొలమానాలు చూపితే, ఆ నీరు నగరానికి వెళ్ళదు. కేంద్రంలోనే మళ్ళీ తిరుగుతుంది.