బిడ్డను చూసే హక్కు, చూపే బాధ్యత



తలాఖ్‌తోనో ఖులాతోనో నికాహ్ బంధం తెగిపోతుంది. ఇద్దత్ గడువు ముగిసిన పిమ్మట ఆ ఇద్దరూ ఒకరికొకరు పరాయివారవుతారు. కాని వారి బిడ్డకు తల్లి తల్లిగానే, తండ్రి తండ్రిగానే ఉంటారు. ఈ సంగతి మరచినందువల్లనే విడిపోయిన తరువాత కూడా మనలో కొందరు కోర్టు వాకిట నిలబడవలసి వస్తున్నది. ఫలానా ఆదివారం తండ్రి బిడ్డను చూడవచ్చునని న్యాయస్థానం ఆదేశిస్తుంది. ఆ ఉదయానికి బిడ్డకు జ్వరమని కబురు వస్తుంది. మరొకచోట సాయంత్రానికి తిరిగి అప్పగించవలసిన బిడ్డను తండ్రి వేరే ఊరికి తీసుకుపోయి ఫోను ఆపివేస్తాడు.

ఇటువంటి తగాదా సహాబాల కాలంలోనూ వచ్చింది. ఇమామ్ మాలిక్ (రహ్మ) తమ ‘ముఅత్తా’లో దానిని నమోదు చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక అన్సారీ స్త్రీని వివాహమాడారు. ఆసిమ్ అనే కుమారుడు కలిగాడు. అనంతరం వారు విడిపోయారు. ఒకనాడు ఉమర్ (రజి) ఖుబాకు వెళ్లగా మసీదు ప్రాంగణంలో ఆ పిల్లవాడు ఆడుకుంటున్నాడు. ఆయన వానిని చేయి పట్టి తన వాహనంపై ముందు కూర్చోబెట్టుకున్నారు. బాలుని అమ్మమ్మ వెంటపడి అడ్డుకున్నది. నా బిడ్డ అని ఆయన, నా బిడ్డ అని ఆమె వాదించుకుంటూ ఖలీఫా అబూబక్ర్ (రజి) వద్దకు చేరారు. బిడ్డను ఆమెకే విడిచిపెట్టవలసినదిగా ఖలీఫా తీర్పు చెప్పారు. ఉమర్ (రజి) మారు పలుకలేదు.

ఆయన ఎవరో ఒకసారి తలచుకుందాం. మదీనాలో ఆయన మాటకు ఎదురు చెప్పగలవారు అరుదు. ఎదుట నిలిచినది ఒక వృద్ధురాలు. బిడ్డపై ఆయన ప్రేమ అబద్ధం కాదు. అయినా తీర్పు తనకు వ్యతిరేకంగా వచ్చినప్పుడు వాదం పెంచలేదు. తీర్పు తమకు అనుకూలమైతే న్యాయమనీ, ప్రతికూలమైతే షరీఅత్‌కు విరుద్ధమనీ చెప్పేవారు ఈ ఉదంతాన్ని మరల మరల చదవాలి.

ఫిఖహ్‌లో హిజానత్ వేరు, విలాయత్ వేరు. బిడ్డను దగ్గర ఉంచుకొని సాకడం హిజానత్; అది మొదట తల్లి హక్కు. హనఫీ మజ్‌హబ్ ప్రకారం మగపిల్లవానికి ఏడేళ్లు వచ్చేవరకు, ఆడపిల్లకు యుక్తవయస్సు వచ్చేవరకు అది ఆమెది. బిడ్డ వ్యవహారాల సంరక్షణ, పోషణ వ్యయం తండ్రి బాధ్యత. బిడ్డ ఒకరి వద్ద ఉన్నందున రెండవవారు చూసే హక్కును కోల్పోరు. పాలు పట్టే విషయమై అల్ బఖరా సూరా 233వ ఆయతు, బిడ్డ కారణంగా తల్లినిగాని తండ్రినిగాని బాధించరాదని ఇరువురినీ కాపాడింది. బిడ్డను ఆయుధంగా వాడే ఇరువురికీ ఇది హెచ్చరిక.

మన దేశంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం బిడ్డ సంక్షేమానికి పెద్దపీట వేసింది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కని సుప్రీంకోర్టు 2020లో ఒక తీర్పులో చెప్పింది. దూరదేశంలో ఉన్నవారికి వీడియో కాల్ ద్వారానైనా మాట్లాడే వీలుండాలన్నది. గల్ఫ్‌లో కష్టపడుతున్న మన సోదరులకు ఇది ఎంతో అవసరమైన మాట. అయితే చూపలేదని ఖర్చు ఆపడం, ఖర్చు ఇవ్వలేదని చూపకపోవడం రెండూ తప్పే. నఫఖా బిడ్డకు చెల్లవలసిన బాకీ. అది చూసినందుకు ఇచ్చే రుసుము కాదు.

రాజీపత్రంపై సంతకం చేసి వచ్చినవారి బాధ్యత మరింత పెద్దది. ఒప్పందాలను నెరవేర్చాలన్నది అల్ మాయిదా సూరా తొలి ఆయతులోని ఆజ్ఞ. అనేకసార్లు దంపతులకన్నా వారి వెనుకనున్న పెద్దలే పంతానికి పోతారు. పసివానికి తండ్రి మీద, తల్లి మీద చాడీలు నూరిపోసేది కూడా వారే.

బిడ్డకు హాని జరుగుతుందన్న నిజమైన భయమున్నచోట మౌనంగా ఉండమని మేము చెప్పడం లేదు. అటువంటివారు ఆదేశాన్ని ధిక్కరించక, ఆధారాలతో అదే న్యాయస్థానానికి వెళ్లి, ఒకరి పర్యవేక్షణలోనే కలిసేటట్లు మార్పు కోరవచ్చు. పరిస్థితులు మారితే ఇటువంటి ఆదేశాలను సవరించే అధికారం కోర్టుకు ఉన్నది. ఇరు కుటుంబాలూ ఒకరి గడప ఒకరు తొక్కలేని స్థితిలో ఉంటే, కోర్టు అనుమతితో బిడ్డను అప్పగించి తిరిగి తీసుకొనేందుకు మసీదు కమిటీలు ఒక గదినీ, నమ్మకమైన ఇద్దరు పెద్దలనూ ఏర్పాటు చేయవచ్చును.