బ్రిటనులో ఇంధన దారిద్ర్యము

హైదరాబాదు వాసులమైన మనకు శీతకాలమనగా రెండు నెలలు ఒక రగ్గుతో గడచిపోవు వ్యవహారము. సంపన్న దేశమని పేరొందిన బ్రిటనులో ఇంటిని వెచ్చగా ఉంచుకొనలేని కుటుంబములు లక్షల సంఖ్యలో ఉన్నవనిన మనకు వింతగా తోచును. మన విద్యార్థులు అనేకులు ఉన్నత విద్యకై అచటికి వెళ్ళుచున్నందున ఈ విషయమును కొంత వివరింపదలచినాము.

దీనిని అక్కడ ఇంధన దారిద్ర్యమందురు. ఇంటిని చాలినంత వెచ్చగా ఉంచుట మొదలగు అవసరములకు ఆదాయములో పదవ వంతునకు మించి ఇంధనముపై ఖర్చు చేయవలసివచ్చు కుటుంబము ఈ దారిద్ర్యములో ఉన్నట్లని బ్రెండా బోర్డ్‌మన్ అను పరిశోధకురాలు 1991లో తన గ్రంథమున నిర్వచించినారు. ఇందులో 'చేయవలసివచ్చు' అను మాట ముఖ్యము. హీటరు వెలిగించక, కోటు తొడుగుకొని కూర్చుండు వృద్ధురాలి బిల్లు తక్కువగానే ఉండును. బిల్లును బట్టి లెక్కించినచో ఆమె కష్టము ఎవరికిని కనబడదు. అందుచేతనే కూర్చుండు గదిలో 21 డిగ్రీలు, తక్కిన గదులలో 18 డిగ్రీలు ఉండుటకు ఎంత అగునో దానినే లెక్కకు తీసికొందురు.

ఆదాయము, ఇంధనపు ధర, ఇల్లు - ఈ మూడును కలిసి ఈ స్థితిని కలిగించును. వీనిలో ఇల్లే మొండి కారణమని మా అభిప్రాయము. ఇంగ్లండులో సుమారు ఐదవ వంతు ఇండ్లు 1919కి పూర్వము కట్టినవి. వానిలో చాలవరకు నడుమ ఖాళీ లేని ఇటుక గోడలు గనుక వెచ్చదనము నిలువక బయటికి పోవును. అట్టి ఇంట నివసించు పేదవాడు అదే వెచ్చదనమునకు ఇతరులకంటె అధికముగా ఇంధనము కాల్చవలెను. బాకీపడిన ఇండ్లలో తరచు ముందుగా డబ్బు వేసినగాని గ్యాసు, విద్యుత్తు రాని మీటరు పెట్టుదురు. వాడకున్నను దినసరి రుసుము పెరుగుచునే ఉండును. 2023 జూలై వరకు ఈ మీటరు గలవారే ఎక్కువ ధర చెల్లించిరి!

ధరల పరిమితి ప్రకారము సామాన్య కుటుంబపు వార్షిక బిల్లు 2021 అక్టోబరులో 1,277 పౌండ్లు. మరుసటి అక్టోబరునకు అది 3,549 కాగా, ప్రభుత్వము సొమ్ము భరించి 2,500 వద్ద నిలిపినది. అయినను ఇంగ్లండు అధికార లెక్కలో ఇంధన దరిద్రులు 13 శాతము దగ్గరనే ఉండిరి. కారణమేమనగా, ఇండ్లకు 'ఎ' మొదలు 'జి' వరకు శ్రేణులు కలవు. 2021లో వచ్చిన నిర్వచనము ప్రకారము 'డి', అంతకు దిగువ శ్రేణుల ఇండ్లలోని పేదలనే లెక్కింతురు. 'సి' శ్రేణి ఇంటిలో పేదవాడు వణకినను లెక్కకు రాడు. ఇండ్ల మరమ్మతుకు ఇది ప్రోత్సాహమిచ్చు మాట నిజమే. కాని ధరల మంటను చూడజాలని కొలమానము చాలదని మేము తలచుచున్నాము. స్కాట్లండు తన 2019 చట్టములోను పదవ వంతు నియమమును విడువలేదు.

అక్కడ ఇల్లు అద్దెకు తీసికొను మన విద్యార్థులు ఈ శ్రేణి పత్రమును అడిగి చూచుట మేలు. ఇంగ్లండు, వేల్సులలో 'ఎఫ్', 'జి' శ్రేణుల ఇండ్లను మినహాయింపు లేనిదే అద్దెకిచ్చుట 2020 ఏప్రిల్ నుండి నిషిద్ధము.