గట్టు మీద తుమ్మచెట్టు... రోవర్‌కు చిక్కని హద్దు

ఒంగోలు: పొలం హద్దు ఎక్కడని అడిగితే రైతు ముందుగా చూపించేది చెట్టునే. "ఆ తుమ్మచెట్టు దాకా మాది, అవతల వాళ్లది" అంటాడు. సర్వేరాళ్లు మాయమైన చోట తాతలనాటి తాడిచెట్లు, వేపచెట్లే రాళ్ల పని చేస్తున్నాయి. తీరా శాటిలైట్లతో భూములు కొలిచే రోజులు వచ్చేసరికి ఆ చెట్లే అడ్డం తగులుతున్నాయి.

బ్రిటిష్ హయాంలో ఈ భూములను 66 అడుగుల గొలుసుతో కొలిచారు. సుమారు నూరేళ్ల తర్వాత 2020 డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో రీసర్వే మొదలైంది. గొలుసు పోయి రోవర్ వచ్చింది. మనిషెత్తు కర్ర మీద పుట్టగొడుగులా వుండే పరికరమిది. 20 వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అందుకుని తానున్న చోటు చెబుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడాలి.

ఆ సంకేతం నేలకు చేరేసరికే బహు బలహీనం. పచ్చి ఆకుల్లోని నీరు దాన్ని పీల్చేస్తుంది. మాను అడ్డుకుంటుంది. కొమ్మలకు తగిలి చుట్టు తిరిగి వచ్చిన సంకేతం దూరాన్ని ఎక్కువ చేసి చూపుతుంది. వాన వెలిశాక తడి ఆకుల కింద మరీ ఇబ్బంది. బేస్ స్టేషన్లు సవరణలు పంపుతూనే వుంటాయి. కాని అవి ఉపగ్రహాల వల్ల, వాతావరణం వల్ల వచ్చే తప్పులను దిద్దుతాయే తప్ప, మన గట్టు మీది చెట్టు సంగతి వాటికేం తెలుసు?

పత్తి, మిర్చి చేలల్లో ఈ చిక్కు లేదు. మిర్చి ఎంత ఏపుగా పెరిగినా రోవర్ తల దానికి పైనే వుంటుంది. బాధంతా సుబాబులు, జామాయిలు తోటల్లోనే. ఆరుబయట నాలుగైదు సెంటీమీటర్లకు మించని తేడా, గుబురు కింద అడుగులలోకి పోవచ్చు. నూరు మీటర్ల గట్టు 40 సెంటీమీటర్లు పక్కకు జరిగితే సెంటు భూమి చేతులు మారినట్లే. సెంటు కోసం మాటలు మానుకున్న అన్నదమ్ములు ప్రతి వూళ్లోనూ వున్నారు.

దీనికి ఉపాయం లేకపోలేదు. చెట్టుకు దూరంగా ఆరుబయట రెండు పాయింట్లు రోవర్‌తో తీసి, అక్కడినుంచి టేపుతో గాని టోటల్ స్టేషన్‌తో గాని హద్దుకు కొలవాలి. ఉపగ్రహాలు కదులుతూ వుంటాయి గనుక, కొంతసేపు ఆగి మళ్లీ కొలిచి రెండూ సరిపోయాయో లేదో చూడాలి. డ్రోన్ ఫొటోలో చెట్టు తల కనిపిస్తుంది గాని దాని కింది గట్టు కనిపించదు.

సర్వేయరు వచ్చిన రోజున రైతు గట్టు మీదే వుండాలి. రోవర్ తెరపై "ఫిక్స్" అని వుందో, "ఫ్లోట్" అని వుందో అడిగి చూడాలి. ఫ్లోట్ అంటే లెక్క ఇంకా కుదరలేదని అర్థం. అప్పుడు పాయింటు నమోదు చేయవద్దని చెప్పవచ్చు.

అడ్డం వచ్చిన కొమ్మలు కొట్టించవచ్చు. అయితే గొడ్డలి ఎత్తే ముందు పక్క రైతును పిలవడం మంచిది. ఆ చెట్టు ఎవరిదో తేలకనే కదా సర్వేయరు వచ్చింది!