మళ్లీ హైదరాబాదుకే

ఖరీఫ్ వడ్లు అమ్ముడై, రెండో పంట నాట్లు పడేలోపు దొరికే నాలుగు రోజులే రాయచూరు జిల్లాలోని మా క్యాంపులో, అంటే తుంగభద్ర కాలువ కింద వలస రైతులు కట్టుకున్న ఊళ్లో, సెలవులు. ఈసారి ఎక్కడికి అంటే పిల్లలది ఒకటే మాట: హైదరాబాదు. పోయినేడూ చూశారు, అంతకు ముందేడూ చూశారు. మా రాష్ట్ర రాజధాని బెంగళూరు రాయచూరుకు 400 కిలోమీటర్ల దూరం, హైదరాబాదు దాదాపు అందులో సగం. అయినా దూరం ఒక్కటే కారణం కాదు. వెళ్లిన కొద్దీ నాకు తెలిసివచ్చిందేమంటే, ఆ ఊళ్లో మేం చూసే చాలా వాటికి రెండో కొస మా జిల్లాలోనే ఉంది. దారి పొడుగునా పిల్లలకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

కొత్త పట్టాలు

రాయచూరుకు రైలు కొత్త కాదు. బొంబాయి వైపు నుంచి వేసుకొచ్చిన లైనూ, మద్రాసు వైపు నుంచి వేసుకొచ్చిన లైనూ 1871లో కలిసింది రాయచూరులోనే. కానీ పక్కనే ఉన్న హైదరాబాదుకు రైల్లో పోవాలంటే వాడి జంక్షన్ మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చేది. మక్తల్, దేవరకద్రల మీదుగా దగ్గరి దారి పడటానికి ఇన్నేళ్లు పట్టింది. జక్లేరు నుంచి కృష్ణ స్టేషను దాకా మిగిలిన 37 కిలోమీటర్లు కూడా పూర్తయి, 2023 అక్టోబరు 1న కాచిగూడ–రాయచూరు రైలు మొదలైంది. నారాయణపేట జిల్లాలోని కొన్ని ప్రాంతాలు రైలు పటంలోకి ఎక్కింది అప్పుడే. శక్తినగర్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించగానే పిల్లలు కిటికీ దగ్గరికి చేరతారు. ఇక కృష్ణమ్మ వస్తుంది, అమ్మ చీర కొంగున ముడేసిన రూపాయి బిళ్ల విప్పుతుంది. నది దాటితే కృష్ణ స్టేషను, తెలంగాణ.

సరిహద్దు ఎప్పుడు పుట్టింది?

1956 నవంబరు 1న. అంతకు ముందు రోజు దాకా రాయచూరు జిల్లాకు రాజధాని హైదరాబాదే. రాష్ట్రాల పునర్విభజనలో హైదరాబాదు రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. మరాఠ్వాడా బొంబాయికి, తెలంగాణ ఆంధ్రకు, బీదరు, గుల్బర్గా, రాయచూరు అప్పటి మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. 2019 దాకా మా ప్రాంతాన్ని ప్రభుత్వ కాగితాల్లో కూడా హైదరాబాద్ కర్ణాటక అనే రాసేవారు. ఆ ఏడు కల్యాణ కర్ణాటక అని పేరు మార్చారు. ఊరి పేరు మా పేరులోంచి పోయింది కానీ, మా ప్రయాణాల్లోంచి పోలేదు.

చీరల కొట్లో తెలిసిన సంగతి

ప్రతిసారీ అమ్మకు ఒక గద్వాల చీర కొనాలి, అది మా ఇంటి రివాజు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు వేరుగా నేసి పోగుకు పోగు కలిపే పని అది. ఆ కొట్లో కూర్చున్నప్పుడే నాన్న ఒకసారి అన్నారు: "గద్వాల మన జిల్లాదేనే." నిజమే. హైదరాబాదు రాష్ట్రంలో గద్వాల, ఆలంపూరు తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956లో వాటిని ఇటు ఉంచేసి, మిగిలిన జిల్లాను అటు పంపారు. అమ్మ ఇప్పటికీ హైదరాబాదు వెళ్లి మన జిల్లా చీరే కొనుక్కొస్తోందన్నమాట. ఇది తెలిసినప్పటి నుంచి ఆ మడతలు విప్పుతుంటే నాకు మనసు అదోలా అయిపోతుంది.

నుమాయిష్‌లో మనమూ ముల్కీలమే

మేం జనవరిలో వెళ్లడానికి ఇంకో కారణం నాంపల్లి ఎగ్జిబిషన్. మామూలుగా జనవరి 1న మొదలై నెలన్నర సాగుతుంది. దీన్ని 1938లో పబ్లిక్ గార్డెన్‌లో మొదలుపెట్టింది ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు. అప్పటి పేరు నుమాయిష్ మస్నూవాత్ ముల్కీ, అంటే స్వదేశీ వస్తువుల ప్రదర్శన. ఆ 'స్వదేశం'లో రాయచూరు కూడా ఉంది. 1946లో ఇప్పటి మైదానానికి మారింది. దాని రాబడితో విద్యాసంస్థలు నడుస్తున్నాయి. పిల్లలకు ఇవేవీ పట్టవు. వాళ్లకు కావలసింది జెయింట్ వీల్, అప్పడం, చేతిలో గాలిమర.

బుద్ధుడి దగ్గర అశోకుడు

హుస్సేన్ సాగర్ మధ్యలో నిలబడ్డ బుద్ధ విగ్రహం ఒకే రాయి. అప్పటి నల్గొండ జిల్లా రాయగిరి దగ్గర తొలిచారు. 1990 మార్చి 10న బార్జి మీద తీసుకెళ్తుంటే నీళ్లలో మునిగిపోయింది, పది మంది ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు పైగా సాగర్ అడుగున పడుకున్న ఆ విగ్రహాన్ని బయటికి తీసి, 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. పడవలో వెళ్లి ఆ పాదాల దగ్గర నిలబడినప్పుడు మా పెద్దదానికి మస్కి గురించి చెప్పాను.

మస్కి మా జిల్లాలో ఊరు, మా క్యాంపు నుంచి బస్సులో దగ్గరే. 1915లో అక్కడ బంగారం కోసం వెతుకుతున్న బీడన్ అనే ఇంజనీరుకు బండ మీద రాత కనిపించింది. అది అశోకుడి శాసనం. అప్పటిదాకా దొరికిన ధర్మ శాసనాల్లో 'దేవానాంపియ' లాంటి బిరుదులే తప్ప అశోకుడన్న పేరు లేదు. మస్కి బండ మీద మాత్రం అశోక అన్న పేరు ఉంది. ఆ దేవానాంపియుడు అశోకుడేనని శాసనం నోటితోనే చెప్పించిన ఊరు మా జిల్లాది! అంతకు ముందేడే పుట్టిన నిజాం పురావస్తు శాఖ తన గ్రంథమాలలో మొదటి పుస్తకాన్ని మస్కి మీదే తెచ్చింది. బుద్ధుడికి భక్తుడినని రాయించుకున్న రాజు మన పొలాల మధ్య, బుద్ధుడు సాగర్ మధ్య అంటే, "అయితే మస్కి ఎప్పుడు తీసుకెళ్తావు?" అంది. సిగ్గేసింది. హైదరాబాదుకు ఇన్నిసార్లు తెచ్చినవాణ్ని, మస్కికి ఒక్కసారి తీసుకెళ్లలేదు.

బీడన్ వెతికిన బంగారం కట్టుకథ కాదు. మా జిల్లా హట్టిలో ఇప్పటికీ తీస్తున్నారు. ఆ కంపెనీ 1947లో పుట్టినప్పటి పేరు హైదరాబాద్ గోల్డ్ మైన్స్.

గడియారం ముందు అరగంట

సాలార్ జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ కోసం జనం బల్లల మీద కూర్చుని ఎదురుచూస్తారు. గడ్డం బొమ్మ తలుపు తెరుచుకొని వచ్చి, గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి వెళ్తే పన్నెండు దెబ్బలు వినొచ్చు, పిల్లలున్న వాళ్లకు నా సలహా అదే. ఆ సేకరణలో ఎక్కువ భాగం మూడో సాలార్ జంగ్‌ది. మేలిముసుగు రెబెకా శిల్పాన్ని మాత్రం 1876లో ఇటలీలో కొన్నది మొదటి సాలార్ జంగ్. మాకు ముఖ్యమైనవాడు ఆయనే. 1853లో సైన్యం ఖర్చుల బాకీ కింద నిజాం, బేరారుతో పాటు రాయచూరు దోయాబును కూడా ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆ ఒప్పందం చేసిన దివాను కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ స్థానంలోకి వచ్చినవాడు 24 ఏళ్ల మొదటి సాలార్ జంగ్. ఆయన దివానుగా ఉండగానే 1860లో రాయచూరు తిరిగి హైదరాబాదు చేతికి వచ్చింది.

చింతచెట్టు

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మందిని మింగినప్పుడు, దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారు. మళ్లీ అలాంటి వరద రాకుండా ఏం చేయాలో చెప్పడానికి వచ్చినవాడు ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన సలహాతోనే 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. మాది డ్యాము నీళ్ల మీద బతికే ఊరు. 1945లో హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వాలు ఇటో పునాదిరాయి, అటో పునాదిరాయి వేసి తుంగభద్ర కట్టకపోతే, ఎడమగట్టు కాలువ లేదు, గోదావరి జిల్లా నుంచి మా తాతయ్య ఇక్కడికి వచ్చేవాడూ కాదు. అందుకే ఆ చెట్టు కింద మేం కాసేపు ఊరికే నిలబడతాం.

బోర్డులు చదివే ఆట

మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో కన్నడం చదువుతారు. తెలుగు అక్షరాలు నేర్పినవాళ్లు లేరు. అయినా మెట్రోలో స్టేషన్ల పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివేస్తారు. ఈ రెండు లిపులూ ఒకే తల్లి పిల్లలు, సుమారు 13వ శతాబ్దం నుంచి వేరుపడుతూ వచ్చాయి. గ, న, మ దగ్గర తడుముకోరు. క, త వచ్చేసరికి ఆగిపోయి నా మొహం చూస్తారు. ఈ ఏడు చిన్నవాడు 'అమీర్‌పేట'ను ఎవరి సాయం లేకుండా చదివాడు.

తిరుగు రైల్లో పెద్దది అడిగింది: "నాన్నా, మన రాయచూరులో చూడాల్సింది ఏముంది?" రాయచూరు కోట గోడలో ఒక రాయి ఉంది. పొడవు 41 అడుగులకు పైనే. కాకతీయుల కాలంలో, 1294లో, గోన గన్నారెడ్డి కోసం విఠలనాథుడు ఆ కోట కట్టించాడని దాని మీద రాసి ఉంది. అంత రాయిని ఎలా తెచ్చారో కూడా పక్క గోడ మీద గీశారు: బారులు తీరిన పశువులు, బండి, బండి మీద రాయి. రైలు దిగగానే ఇంటికి వెళ్లే బస్సు ఎక్కకుండా, సంచులు స్టేషన్లో అప్పగించి, నలుగురం కోటకు నడిచాం. పిల్లలు రాయిని అడుగులతో కొలిచారు. చిన్నవాడి లెక్కకు 70 అడుగులు వచ్చింది.